మధ్యలో శొంఠి

కొళాయి కింద దేవదానం చెయ్యి పట్టుకుని కృప సబ్బు రుద్దుతూనే ఉంది. బొటనవేలి మొదట్లో రెండు గాట్లు పడ్డాయి. నెత్తురు ఆగిపోయినా ఆమె కొళాయి కట్టేయలేదు. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనిషి, ఎన్ని గాయాలు చూసి ఉంటుందో. భర్త చేతి మీది ఈ చిన్న గాయం వైపు మాత్రం సూటిగా చూడలేకపోతోంది.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు దేవదానం.

"కదలకండి. కుక్క కరిస్తే ఎంత కడిగితే అంత మంచిది. తర్వాత ఇంజెక్షన్‌కి పోదాం."

"దానికి టీకాలన్నీ వేయించావు కదా."

"అయినా మీకు వేయించాల్సిందే."

బాత్రూం తలుపు దగ్గర రాచెల్ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. దేవదానానికి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. తమ్ముడికి ఇష్టమని కోడిపులుసు డబ్బాలో పెట్టుకుని హొసకోటె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఆమె ఎదురుగానే జరిగింది ఇదంతా. దేవదానం సోఫాలో కృప పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకోబోయాడు. కృప ఒళ్లో ముడుచుకుని పడుకున్న శొంఠి ఒక్కసారిగా లేచి కరిచింది.

"పెళ్లి బట్టలు ఇంకా మడత నలగలేదు," అంది రాచెల్. "దిండు మీద ఒంటికి పోసింది, ఊరుకున్నాం. చెప్పులు కొరికింది, ఊరుకున్నాం. ఇప్పుడు మనిషినే కొరికింది. ఇంక దేనికి కాచుకోవాల?"

కృప మళ్లీ సబ్బు తీసుకుంది.

శొంఠి భోజనాల బల్ల కింద దూరి ఉంది. ఒకవైపు పొమెరేనియన్, ఇంకోవైపు వీధికుక్క. ఎండిన అల్లం రంగులో పిడికెడు ప్రాణం. తప్పు చేశానన్న బెరుకు దాని మొహంలో లేదు. కృప ఎటు కదిలితే అటు చూపు తిప్పుతోంది, అంతే.

"జిగణిలో శామ్సన్ అని మా చర్చి అబ్బాయి ఉన్నాడు," అంది రాచెల్. "ఫ్యాక్టరీలో పని. చిన్న కుక్క కావాలని అడుగుతా ఉన్నాడు. మంచోడే, బాగా చూసుకుంటాడు. ఆదివారం ఆరాధన అయినాక వచ్చి తీసుకపోతాడు. ఫోన్ చేసేదా?"

కృప కొళాయి కట్టేసింది.

"చేయండి వదినా," అంది కృప.

"వద్దు," అన్నాడు దేవదానం.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"కరిచింది నన్ను కదా. నేను చెప్తున్నా, వద్దు."

"నీకేం తెలుసురా కుక్కల సంగతి? చిన్నప్పుడు వీధిలో కుక్క కనపడితే నా కొంగు పట్టుకుని వెనకాల దాక్కునేటోడివి."

"ఇప్పటికీ భయమేనక్కా," అన్నాడతను చెయ్యి తుడుచుకుంటూ.

రాచెల్ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. డబ్బా బల్ల మీద పెట్టి, సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "మీ ఇష్టం. మీ ఇల్లు మీది," అంటూ మెట్లు దిగిపోయింది. తిని పొమ్మన్న కృప మాట ఆమె చెవిన పడిందో లేదో.

*

ఇంజెక్షన్ వేయించుకుని వచ్చాక ఇద్దరూ వంటింట్లో నిలబడే అన్నం తిన్నారు. శొంఠిని హాల్లో గొలుసుతో కట్టేశారు.

"ఎందుకు వద్దన్నారు?" అడిగింది కృప.

"ఫోన్ చేయమని అక్కతో చెప్పినప్పుడు నీ మొహం చూశాను."

కృప పళ్లెం పక్కన పెట్టింది. ఆ తర్వాత, ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. అమ్మ పోయాక టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర ఒక ఇంట్లో ఒంటరిగా ఉన్న రోజుల సంగతి. పైవాటాలో ఉండేవాడు తాగి వచ్చి తలుపు కొట్టేవాడు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. శొంఠి అప్పటికి పిల్ల. దాన్ని రొమ్ముకి హత్తుకుని తలుపు వెనకాల నిలబడేది కృప. తన ఒళ్లు వణుకుతుంటే ఆ వణుకు దానికీ పాకేది. అడుగుల చప్పుడు పైకి వెళ్లిపోయేదాకా అది మొరుగుతూనే ఉండేది. కొన్నాళ్లకి తలుపు కొట్టడం మానేశాడు వాడు.

"ఆ ఇంట్లో నేను నిద్రపోగలిగానంటే దాని వల్లే," అంది.

దేవదానం హాల్లోకి తొంగి చూశాడు. శొంఠి వెంటనే గుర్రుమంది.

"అయితే అది తప్పేమీ చేయలేదు కృపా. నువ్వు అప్పజెప్పిన పనే ఇంకా చేస్తోంది. ఆ పని అయిపోయిందని దానికెవరూ చెప్పలేదు."

"ఎట్లా చెప్తాం?"

"నాకు తెలియదు. తెలిసినవాళ్లని అడుగుదాం."

గాయం మీద కట్టుతో, అన్నం చెమ్చాతో కలుపుకుంటూ ఆ మాట అన్న మనిషిని కృప కొత్తగా చూసింది. పెళ్లిచూపుల్లో తనకి నచ్చింది అతని నిదానం. ఆ నిదానం అడుగున ఇంత ఉందని ఆ రోజు తెలియలేదు.

*

పశువుల డాక్టరు నళిని శొంఠిని బల్ల మీద నిలబెట్టి కాళ్లూ చెవులూ పళ్లూ అన్నీ చూసింది. ఎక్కడా నొప్పి లేదంది. నొప్పి వల్ల కరిచే కుక్కలు కూడా ఉంటాయట, అందుకే ముందు అది చూడాలట.

"సార్ దగ్గరికి వచ్చినప్పుడు ఇది గుర్రుమంటే మీరేం చేస్తారు?" అని కృపని అడిగింది.

"ఎత్తుకుంటాను."

"ఎత్తుకుని?"

"ఏం లేదమ్మా, ఏం లేదమ్మా అని నిమురుతాను."

"సార్ ఏం చేస్తారు?"

"దూరంగా వెళ్లి కూర్చుంటారు."

డాక్టరు నవ్వింది. "గుర్రుమంటే ఒడి దొరుకుతుంది, సార్ వెళ్లిపోతారు. నేనైనా గుర్రుమంటాను మేడమ్."

దేవదానం కూడా నవ్వాడు.

తర్వాత డాక్టరు నెమ్మదిగా చెప్పింది. గుర్రుమన్నందుకు తిట్టవద్దు, కొట్టవద్దు. అది హెచ్చరిక. హెచ్చరించడం మాన్పిస్తే చెప్పకుండానే కరుస్తుంది. మంచం మీదా ఒళ్లోనూ చోటు ఇవ్వడం కొన్నాళ్లు ఆపాలి. తనదంటూ ఒక చాప ఉండాలి, అక్కడికి వెళ్తే మంచి జరగాలి. అన్నం సార్ చేతి మీదుగా రావాలి. సార్ దాన్ని ముట్టుకోవడానికి పోకూడదు, కళ్లలోకి చూడకూడదు. సార్ మేడమ్ పక్కకి వచ్చినప్పుడల్లా శొంఠికి ఇష్టమైనది దొరకాలి. సార్ దూరం జరిగితే ఆగిపోవాలి.

"ఎన్నాళ్లు పడుతుంది?" అడిగాడు దేవదానం.

"దాన్నే అడగాలి."

తిరుగు దారిలో ఆటోలో శొంఠి కృప కాళ్ల దగ్గర బుట్టలో ఉంది. కె.ఆర్.పురం వంతెన కింద ఆటో ఆగిపోయింది. ముందూ వెనకా హారన్లు.

"అయితే తప్పంతా నాదే అన్నమాట," అంది కృప.

"తప్పని ఎవరన్నారు?"

"నవ్వారు కదా ఇద్దరూ."

"డాక్టరు అన్న మాటకి నవ్వాను."

"నా మీద అన్న మాటకి."

దేవదానం బయటికి చూశాడు. చూస్తూనే అన్నాడు, "నువ్వు దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా నాకు ఎట్లా ఉంటుందో తెలుసా? తలుపు అవతల నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ పైవాటా వాడిలాగా."

ఆ మాట అన్న వెంటనే అనకుండా ఉండాల్సింది అనుకున్నట్టు అతని మొహమే చెప్పింది. కానీ వెనక్కి తీసుకోలేదు. కృప కూడా తీసుకోమనలేదు. ఆటో కదిలింది. ఇల్లు చేరేదాకా ఇద్దరి మధ్యా మాట లేదు.

ఆ రోజంతా లేదు. మరుసటి పొద్దున దేవదానం స్కూలుకి తయారవుతుంటే, కృప మంచం మీది శొంఠి దుప్పటి తీసి హాల్లో కిటికీ కింద ఒక చాప వేసి దాని మీద పరిచింది. పడగ్గది తలుపు వేసింది. అవతల అది తలుపు గీకుతూ మూలుగుతోంది. కృప తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిలిస్తే అది ఆగిపోతుంది. పిలవలేదు.

దేవదానం చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపి ఆమె పక్కన కింద కూర్చున్నాడు. ఆటోలో అన్న మాట గురించి ఏమీ అనలేదు. మూలుగు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ రోజు స్కూలుకి ఆలస్యంగా వెళ్లాడు.

*

హొసకోటె స్కూల్లో దేవదానం ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్తాడు. ఏడ్చే పిల్లల దగ్గరికి పోకూడదని, వాళ్లకి దగ్గర్లో కూర్చుని మన పని మనం చేసుకుంటే వాళ్లే వస్తారని అతని నమ్మకం. ఇంట్లోనూ అదే మొదలుపెట్టాడు.

సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, శొంఠికి వీపు పెట్టి హాల్లో నేల మీద కూర్చునేవాడు. పక్కన గిన్నెలో ఉడకబెట్టిన కోడిముక్కలు. ఒక్కో ముక్క వెనక్కి విసిరేవాడు, తిరిగి చూడకుండా. మొదట్లో అది ముక్క తిని, గుర్రుమని, కిటికీ కిందికి పరుగెత్తేది. భయంతో అతని మెడ బిగుసుకుపోవడం కృపకి వంటింట్లోంచి కనపడేది. అయినా కదిలేవాడు కాదు.

ఒకరోజు కింది వాటా నుంచి ఇంటి ఓనరు పిల్లమ్మ పైకి వచ్చింది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్న మనిషి. మొరుగుడు ఎక్కువైందని చెప్పడానికి వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమప్పా మాస్టరూ, గోడకి మొగం పెట్టి ఏం చేస్తా ఉండావు?"

"దీంతో స్నేహం చేస్తున్నా పిల్లమ్మక్కా."

"స్నేహమా? సుమ్నే, ఊరికే ఒక దెబ్బ వెయ్యి. దెబ్బకి అణిగి ఉంటాది."

"దెబ్బ వేస్తే, నేను గుమ్మంలోకి రాగానే దానికి ఆ దెబ్బే గుర్తొస్తుంది కదా."

పిల్లమ్మ కాసేపు చూసింది. దేవదానం ఒక ముక్క విసిరాడు. శొంఠి వచ్చి తిని, ఈసారి పరుగెత్తకుండా అక్కడే నిలబడింది.

"మా ఆయనకి ఇంత ఓపిక ఉండి ఉంటే నేను ఇంకో పదేళ్లు చిన్నదాని మాదిరి ఉండేదాన్ని," అంది పిల్లమ్మ. మొరుగుడు సంగతి ఎత్తకుండానే దిగిపోయింది.

తర్వాత సోఫా పాఠం. కొత్తగా పెళ్లయిన మొగుడూ పెళ్లాం సోఫాకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. చాప మీద శొంఠి. దేవదానం ఒక జానెడు జరిగితే కృప ఒక ముక్క వేస్తుంది. గుర్రుమంటే అతను మళ్లీ జానెడు వెనక్కి. ఎక్కడ గుర్రుమనలేదో అక్కడే ఆ రోజుకి ముగింపు.

"మనల్ని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంది కృప ఒక సాయంత్రం నవ్వు ఆపుకోలేక.

"ఏముంది, కుక్క అనుమతి కోసం కాచుకున్నారు అనుకుంటారు," అన్నాడతను గంభీరంగా.

ఇద్దరి మధ్యా ఆటో రోజు నుంచి మిగిలిన బరువు అప్పుడు కరిగింది.

అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా ఆ గురువారం వచ్చింది. థియేటర్లో ఒక పసివాడు చేతికి దక్కలేదు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆ పిల్లవాడి తల్లి వరండాలో కృప రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే కృప గోడకి ఆనుకుంది. ఏడుపు రాలేదు, ఊపిరి మాత్రం ఆడటం లేదు. దేవదానం అన్నీ మరిచిపోయి నాలుగంగల్లో వచ్చి ఆమెని దగ్గరికి తీసుకున్నాడు.

శొంఠి చాప మీంచి దూకి అతని ప్యాంటు పట్టుకుంది. పళ్లు బట్టలోంచి దిగాయో లేదో తెలియదు.

కృప చేతులు వాటంతటవే కిందికి వంగాయి. ఎత్తుకోవడానికి. ఇన్నేళ్ల అలవాటు. సగంలో ఆగాయి.

దేవదానం కాలు లాక్కోలేదు, విదల్చలేదు. ఊపిరి బిగబట్టి అట్లాగే నిలబడ్డాడు.

"శొంఠీ, రా," అంది కృప. గొంతు పలచగా ఉంది గానీ వణకలేదు. భర్త చేతుల్లోంచి మెల్లగా విడివడి చాప దగ్గరికి నడిచింది. "రా. ఇక్కడికి."

అది ప్యాంటు వదిలింది. ఆమె వైపు చూసింది, అతని వైపు చూసింది. తోక దించుకుని చాప మీదికి వచ్చి కూర్చుంది. కృప గిన్నెలోంచి ముక్క తీసి ఇచ్చింది. తర్వాత లేచి, దాని కళ్లెదుటే భర్త దగ్గరికి తిరిగి వెళ్లింది. అతని భుజం మీద తల పెట్టుకున్నాక అప్పుడొచ్చింది ఏడుపు.

చాప మీంచి గుర్రు వినపడుతూనే ఉంది. కానీ అది కదల్లేదు.

ఆమె ఏడ్చినంతసేపూ దేవదానం ఒక చేత్తో ఆమె వీపు నిమురుతూ, రెండో చేత్తో చాప మీదికి ఒక్కో ముక్క విసురుతూనే ఉన్నాడు.

వదిన ఇంకా ఆశ పెట్టి ఉంచిన శామ్సన్‌కి మరుసటి రోజు కృపే ఫోన్ చేసింది. కుక్కని ఇవ్వడం లేదని, ఆశ పెట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పింది. వదినకి తర్వాత నిదానంగా చెప్పవచ్చులే అనుకుంది.

*

కొన్ని రోజులకి ఒక సాయంత్రం, డ్యూటీ దిగి సందు మొదట్లోకి వచ్చేసరికి కృపకి ఆ దృశ్యం కనపడింది. పాలబూత్ ముందు నుంచి దేవదానం నడిచి వస్తున్నాడు. చేతిలో గొలుసు వదులుగా ఉంది. శొంఠి అతని కాలి పక్కన చిన్న చిన్న అడుగులు వేస్తోంది. ఎదురుగా పెద్ద వీధికుక్క వచ్చింది. శొంఠి వెనక్కి తిరిగి ఎటూ పరుగెత్తలేదు. దేవదానం రెండు కాళ్ల మధ్యకి దూరి, అక్కడి నుంచి మొరిగింది. కుక్కలంటే భయపడే ఆ మనిషి కాళ్లు కదపకుండా, వీధికుక్క తన దారిన పోయేదాకా నిలబడ్డాడు.

కృపకి పిలవాలనిపించింది. పిలిస్తే అది అతన్ని వదిలి తన దగ్గరికి ఉరికొస్తుంది. లోపల ఎక్కడో చిన్నగా కలుక్కుమంది కూడా, నా కుక్క అని. పాలబూత్ పక్కకి జరిగి, వాళ్లిద్దరూ మెట్లెక్కేదాకా ఆగింది.

ఆమె పైకి వచ్చేసరికి దేవదానం నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. శొంఠి అతని మోకాలికి వీపు ఆనించి కునుకు తీస్తోంది. కృపని చూసి తోక ఆడించింది గానీ లేవలేదు. అతను కనుబొమలతోనే చూడమన్నాడు. కృప తలుపు మూయకుండా అక్కడే నిలబడి చూసింది. చెయ్యి మీద ఇంకా మచ్చ పోలేదు. తన మీద పళ్లు దించిన ప్రాణిని తన పక్కన నిద్రపోయేటట్టు చేసుకున్నాడు ఈ మనిషి. ఒక్క దెబ్బ లేకుండా, ఒక్క కసురు లేకుండా.

"శామ్సన్ ఫోన్ చేసినాడు," అన్న మాట వెనక నుంచి వినపడింది.

గుమ్మంలో రాచెల్ ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"కుక్కని ఇవ్వనన్నావంట కృపా."

"అవును వదినా. ముందు మీకు చెప్పాల్సింది. చెప్పకపోవడం నాదే తప్పు."

రాచెల్ ఆ మాట వింటున్నట్టు లేదు. చూపు తమ్ముడి మీదే ఉంది.

"ఎన్నాళ్లనుంచిరా ఇట్లా కింద కూచునేది?"

"రోజూ కాసేపు కూచుంటున్నాలే అక్కా. లోపలికి రా."

"రోజూ," అంది రాచెల్. "స్కూలు మా వీధి చివరే. రోజూ బస్సు దిగి స్కూలుకి పోతావు. స్కూలు నుంచి బస్సెక్కి ఇంటికి వస్తావు."

దేవదానం చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది.

"తప్పు పట్టడం లేదులే. బాగా చేసినావు. పక్కన ఇంకొకరు కూడా కూచుంటారని దానికి నేర్పినావు. ఎంత ఓర్పుగా నేర్పినావో చూస్తా ఉన్నా కదా." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "నాకెవరు నేర్పుతారురా?"

దేవదానం లేవబోయాడు. మోకాలి ఆసరా పోయిన శొంఠి ఉలిక్కిపడి లేచి, గుమ్మం వైపు చూసి గుర్రుమంది.

రాచెల్ వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

"అక్కా," అంటూ అతను చెప్పులు వెతుక్కుంటుంటే కృప అడ్డం వచ్చింది.

"మీరు ఉండండి. నేను వెళ్తాను."

"నువ్వు వెళ్తే ఇంకా కోపం చేస్తుంది."

"చేయనీండి."

ఆమె దిగేసరికి రాచెల్ వెళ్లిపోలేదు. పిల్లమ్మ పూలకుండీల పక్కన, కింది మెట్టు మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. వీపు ఇటువైపు ఉంది. కృపకి దగ్గరికి వెళ్లి భుజం పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. కొంచెం పైనున్న మెట్టు మీద చప్పుడు చేయకుండా కూర్చుంది.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

"నువ్వెందుకు వచ్చినావు?" అంది రాచెల్ తల తిప్పకుండా. "వాణ్ణి పంపు."

కృప లేవలేదు.

చాలాసేపటికి రాచెల్ పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ మెట్టు మీద ఇంకొక మనిషికి చోటు ఏర్పడింది. చోటు ఇవ్వడానికే తీసిందో, లేచి వెళ్లిపోవడానికి తీసిందో కృపకి తెలియలేదు.